ఇనుపియాక్ అమ్మమ్మ మీద డాక్యుమెంటరీ: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ఆవిడ వాళ్లది అలాస్కాలోని ఇనుపియాక్ అనే ఆదివాసీ తెగ కుటుంబమని, వాళ్ల అమ్మమ్మ మీద డాక్యుమెంటరీ తీయాలనుకుంటున్నారని, కెమెరా మీరే పడతారని రాశారు. అలాస్కాలోని ఏంకరేజ్ నగరంలో ఉన్నప్పుడు నాతో పనిచేసే అమ్మాయి కోసం నేనూ ఈ పని చేశాను. వాళ్ల ఊరు ఉత్కియాగ్విక్. 2016 దాకా బారో అనేవారు. రోడ్డు లేదు, విమానంలోనే వెళ్లాలి.

మొదటిరోజు ఆ అమ్మాయి అమ్మమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, లైటు పెట్టి ప్రశ్నలు అడిగాను. మైకులో ఏమీ పడట్లేదు. నాకు టెన్షన్ పెరిగి ఒకదాని మీద ఒకటి అడుగుతూ పోయాను. రాత్రి ఫుటేజీ చూస్తూ మనవరాలు చెప్పింది: కనుబొమలు పైకెత్తడమంటే వాళ్లలో ‘అవును’ అని. ఆవిడ అన్నిటికీ జవాబిచ్చారు. నేనే ఆగి చూడలేదు. కాబట్టి ముఖం ఫ్రేములో ఉండాలి, మౌనాన్ని కత్తిరించకూడదు.

మూడోరోజు ఆడవాళ్లంతా ఉమియాక్ తోళ్లు కుట్టడానికి కూర్చున్నారు. వసంతంలో తిమింగలం వేటకు వెళ్లే పడవ అది. చెక్క చట్రం మీద గడ్డపు సీల్ అనే సముద్ర జంతువు తోళ్లు బిగిస్తారు. సూది తోలును పూర్తిగా దాటి అవతలికి రాకూడదు, మందంలో సగం దాకా వెళ్లి వెనక్కి రావాలి. అప్పుడే కుట్టులోంచి నీళ్లు ఊరవు. దారం కారిబూ అనే ధ్రువప్రాంతపు జింక స్నాయువులతో పేనింది. చేతులు పనిలో పడ్డాక ఆవిడకు మాటలు వాటంతటవే వచ్చాయి. బడిలో ఇనుపియాక్ మాట్లాడితే కొట్టేవారని, అందుకే తన పిల్లలకు నేర్పలేదని చెప్పారు. అంత మాట చెబుతున్నా సూది ఆగలేదు.

అందుకని ప్రశ్నలు మీ ఆవిడనే అడగనివ్వండి, వచ్చీరాని ఇనుపియాక్‌లో అయినా సరే. మధ్యలో ఇంగ్లీషులోకి మార్చమని ఆపకండి. సబ్‌టైటిల్స్ తర్వాత భాష బాగా వచ్చిన పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని రాసుకోవచ్చు. 2014లో అలాస్కా ప్రభుత్వం అక్కడి 20 ఆదివాసీ భాషలను అధికార భాషలుగా గుర్తించింది గానీ, ఇనుపియాక్ ధారాళంగా మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లే. ఆలస్యం చేయకండి.

చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి, కోటు లోపలి జేబులో పెట్టుకోండి. బయటినుంచి లోపలికి వచ్చేముందు కెమెరాను సంచిలో పెట్టి మూతి బిగించండి, లేదంటే లెన్స్ మీద తేమ పడుతుంది.

ఎడిటింగ్ అయ్యాక ముందు ఆవిడకే చూపించండి. మాకు బడి సంగతి తీసేయమన్నారు. తీసేశాం. ఆ ఎనిమిది నిమిషాలు ఇప్పుడు మనవరాలి దగ్గర మాత్రమే ఉన్నాయి.