నెలలు నిండని పాపను ఎదకు కట్టుకుంటే ఊపిరాడదా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా ఆవిడకు ఎనిమిదో నెలలోనే కాన్పయింది. పాప 1.6 కిలోలు. తిరుపతిలో ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు రోజంతా తల్లి ఎదకు ఆనించి కట్టుకోమన్నారు. పాపకు ఊపిరాడదని మా అమ్మ భయం. చలికి బల్బు పెడితే చాలదా?

జవాబు: చాలదండీ. కరెంటు పోతే బల్బు ఆరిపోతుంది, దగ్గరగా పెడితే ఒళ్లు కాలుతుంది. ఇంత చిన్న పిల్లలకు చర్మం కింద కొవ్వు చాలా తక్కువ కాబట్టి ఇట్టే చల్లబడిపోతారు, తల్లి ఒంటి వేడి మాత్రం రాత్రీ పగలూ ఒకేలా అందుతుంది, పాలూ బాగా పడతాయి. ఇదేదో డబ్బుల్లేక చేసే సర్దుబాటు అనుకోకండి. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు (పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు) చాలకే మొదలుపెట్టారు, నిజమే. కానీ ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఆఫ్రికా ఆసుపత్రుల్లో చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో, బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా పుట్టగానే ఇలా మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయి.

మీ అమ్మగారి భయం అర్థం లేనిదేం కాదు, తల వాలిపోతే ఊపిరికి ఇబ్బందే. అందుకే పాపను రొమ్ముల మధ్య నిలువుగా, కాళ్లు కప్పలా మడిచి, తల ఒక పక్కకు తిప్పి గడ్డం కాస్త పైకి ఉండేలా పెట్టి, మెత్తటి నూలు చీరతో చెవి కింది దాకా కట్టండి. ముక్కూ నోరూ ఎప్పుడూ కనపడాలి. పాపకు టోపీ, సాక్సులు, డైపర్ చాలు, మధ్యలో గుడ్డ వద్దు. పడుకునేటప్పుడు దిండ్లు పెట్టి వాలుగా పడుకోవాలి. పొయ్యి దగ్గరికి మాత్రం పాపతో వెళ్లనివ్వకండి.

రోజుకు కనీసం 8 గంటలు, ఎంత ఎక్కువైతే అంత మేలు, ఒకసారి కట్టాక కనీసం గంటసేపు కదపొద్దు. అన్నీ బాలింతే చేయాలని ఎవరన్నారు? చొక్కా విప్పి మీరు కూర్చోండి, కాసేపు మీ అమ్మగారు కూర్చుంటారు, బాలింతకు నడుం నొప్పి ఉండదు. (ఒక్కసారి మనవరాలు ఎద మీద నిద్రపోతే ఆ భయం ఆమెకే పోతుంది.) పాప 2.5 కిలోలకు వచ్చి, కట్టుకుంటే గింజుకోవడం మొదలుపెడితే ఇక ఆపేయొచ్చు. అప్పటిదాకా నలుగు, సాంబ్రాణి పొగ వద్దే వద్దు.

పాలు తాగకపోయినా, డొక్కలెగరేసినా, నీలంగా మారినా, పాదాలు ఎంతసేపటికీ చల్లగానే ఉన్నా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి, దారిలోనూ పాప తల్లి ఎద మీదే ఉండాలి. ఇంకోటి, చాలామంది వదిలేసేది: పుట్టిన నాలుగు వారాల్లోపు రెటీనా (కంటి వెనక పొర) పరీక్ష చేయించండి, చూపు బాగానే ఉన్నట్టుంది కదా అని ఆగొద్దు.