క్రాప్స్‌లో ఆడ్స్ చెల్లింపు తక్కువ వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం

డీలర్ మోసం చేయలేదండి. క్రాప్స్ అనే పాచికల జూదంలో పాస్ లైన్ (పాచికలు విసిరేవాళ్లు గెలుస్తారన్న ప్రధాన పందెం) మీద 10 డాలర్లు, పాయింట్ (7 కంటే ముందు మళ్లీ పడాల్సిన సంఖ్య) 5 పడ్డాక దాని వెనక ఆడ్స్ (పాయింట్ వస్తుందన్న అదనపు పందెం) 15 పెట్టి గెలిచానని, ఆడ్స్ మీద చెల్లింపు తక్కువ వచ్చిందని అన్నారు. రెండు పాచికల 36 కలయికల్లో 5 పడేవి 4, 7 పడేవి 6. అందుకే 2 పెడితే 3 ఇస్తారు. 15కి లెక్క ప్రకారం 22.50, మామూలుగా టేబుల్ మీద అర డాలర్ చిప్ ఉండదు కాబట్టి 22 ఇచ్చి వదిలేస్తారు. 5, 9 మీద సరి సంఖ్యలోనే పెట్టండి, 14 గానీ 16 గానీ. 6, 8 మీద 5కి 6 కనుక 5 గుణిజాలు. 4, 10 మీద రెట్టింపు, ఎంతైనా పర్లేదు.

ఆడ్స్ మీద కాసినోకి లాభం సున్నా. కానీ పాస్ లైన్ మీద 1.41 శాతం అలాగే ఉంటుంది, అంటే 10 డాలర్లకు సగటున 14 సెంట్లు పోతాయి. ఆడ్స్ ఎంత పెంచినా ఆ 14 తగ్గదు, ఒడిదుడుకులే పెరుగుతాయి.

ఓడినప్పుడల్లా రెట్టింపు చేయడం మాత్రం మానేయండి. 10తో మొదలెట్టి వరుసగా ఆరు ఓడితే 630 పోయినట్టే. ఏడో పందెం 640, గరిష్ఠం 500 ఉన్న టేబుల్‌లో అది పెట్టనే పెట్టనివ్వరు. డీలర్ ఊరించే ‘ఎనీ సెవెన్’ (తర్వాతి విసురులోనే 7 పడుతుందన్న పందెం) జోలికీ వెళ్లొద్దు, అందులో కాసినో వాటా 16.67 శాతం!