మా వాడు రోజూ అదే దిగులు ట్యూన్ వాయిస్తున్నాడు, డిప్రెషనా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. హైస్కూల్ నుంచి సాక్సోఫోన్ నేర్చుకుంటున్నాడు. విదేశీ మ్యూజిక్ కాలేజీ ఆడిషన్ కోసమని గ్లాజునోవ్ అనే రష్యన్ సంగీతకారుడి కన్చెర్టో (ఒక వాద్యం ముందుండి, ఆర్కెస్ట్రా తోడుగా సాగే రచన) పట్టుకున్నాడు. తలుపేసుకుని గంటల తరబడి నెమ్మదిగా, ఏడుపులా అదే వాయిస్తాడు. వాళ్ల నాన్నగారు సీఎస్‌ఈ అంటున్నారు. మా తమ్ముడు మ్యూజిక్ ప్రొడక్షన్‌కి డిమాండ్ ఉందంటున్నాడు. మూడింట్లో ఏది మంచిది? ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) అయ్యేదాకా సాక్సోఫోన్ క్లాసు మాన్పించాం. – ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరడిగింది మూడు కోర్సుల గురించే. కానీ మీ అసలు భయం మూసిన తలుపు గురించి. లోపల పిల్లాడు కుంగిపోతున్నాడేమోనని. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. ముందు దానికే జవాబు చెబుతాను.

ఆ కన్చెర్టో ఆల్టో రకం సాక్సోఫోన్‌కి, తీగవాద్యాల ఆర్కెస్ట్రాకి 1934లో రాసింది. ఎక్కడా ఆగకుండా సుమారు పద్నాలుగు నిమిషాలు సాగుతుంది. మొదలు మధ్యస్థ వేగం. తీగవాద్యాలన్నీ ఒకే గొంతుతో గంభీరంగా ఎత్తుకుంటాయి, కాసేపటికి సాక్సోఫోన్ అందుకుంటుంది. మధ్యలో నెమ్మదైన ఆందాంతే, తర్వాత ఆర్కెస్ట్రా ఆగిపోయి వాద్యకారుడు ఒంటరిగా వాయించే కెడెంజా. అది దాటాక, మూడేసి చొప్పున పన్నెండు చిన్న దెబ్బల తాళంలో ఫ్యుగాటో వస్తుంది. ఒకే చిన్న స్వరమాలను వాద్యాలు ఒకదాని వెనక ఒకటి అందుకుంటూ తరుముకుంటాయి. అది హుషారైన భాగం, వేళ్లకు పెద్ద పరీక్ష.

ఆ హుషారు భాగాన్ని ఎవరూ మొదటి రోజే అసలు వేగంలో వాయించరు. మెట్రోనోమ్‌ని (టిక్ టిక్‌మని లయ చూపే పరికరం) సగానికి తగ్గించి, ఒక్కో కొలత (మన తాళంలో ఆవృత్తం లాంటిది) తడబాటు లేకుండా వచ్చాకే కొద్దికొద్దిగా పెంచుతారు. సగం వేగంలో, అవే నాలుగు కొలతలు గంటసేపు తలుపు బయట నుంచి వింటే ఎవరికైనా ఏడుపులాగే ఉంటుంది. ఈసారి చెవిపెట్టి వినండి, వెనక టిక్ టిక్ వినిపిస్తే మీ వాడు పని చేసుకుంటున్నాడని అర్థం.

పైగా ఈ రచన 'E ఫ్లాట్ మేజర్' అనే స్వరశ్రేణిలో ఉంది. మన లెక్కలో రెండున్నర శ్రుతిలో శంకరాభరణం స్వరాలు. దిగులు కోసం ఎంచుకునే స్వరాలేం కావు. అయినా ఇందులో ఒక బెంగ ఉన్న మాట నిజం. గ్లాజునోవ్ ఒకప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ కన్సర్వేటరీకి (సంగీత కళాశాల) డైరెక్టర్. 1928లో దేశం విడిచి వెళ్లి, పారిస్‌లో ఉంటూ ఇది రాశాడు. 1936లో పోయాడు. ఆ బెంగ నెమ్మది భాగంలో నాకు వినిపిస్తుంది. కానీ అది రచన మూడ్, మీ అబ్బాయి మూడ్ కాదు. వాడు తిండి, నిద్ర, స్నేహితుల్ని వదిలేస్తే తప్పకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ట్యూన్ విని జబ్బు తేల్చకండి.

ఒక మాట గట్టిగానే చెబుతాను, కోపం తెచ్చుకోకండి. ఇన్నేళ్లు ఫీజు కట్టారు, "ఏం వాయిస్తున్నావు నాన్నా?" అని ఒక్కసారైనా లోపలికెళ్లి అడిగారా? అడగకుండా క్లాసు మాన్పించడం మంచి పని కాదు. గురువు లేకుండా చేసే సాధనలో తప్పులు గట్టిపడిపోతాయి, ఆడిషన్ ముందు ఇది మరీ నష్టం. ఎంసెట్ రాయించండి, క్లాసు రేపే మొదలుపెట్టించండి.

వాడు ఎంత సీరియస్‌గా ఉన్నాడో తెలుసుకోవాలంటే ఇది అడగండి: "నీ కాగితం మీద ఒక్క ఫ్లాటూ లేదు, పియానో కాగితం మీద మూడున్నాయి, ఎందుకు?" ఫ్లాట్ అంటే స్వరాన్ని అర మెట్టు తగ్గించే గుర్తు. పియానో కాగితం అంటే ఆర్కెస్ట్రా బదులు పియానో మీద వాయించేది. ఆల్టో సాక్సోఫోన్‌లో C అని రాసింది వాయిస్తే పలికేది E ఫ్లాట్. అందుకే మొదట్లో వాడికి ఫ్లాట్లు లేని C మేజర్. ఆందాంతేలో ఆర్కెస్ట్రాకి ఏడు ఫ్లాట్లు, వాడికి నాలుగే. ఇది తడుముకోకుండా చెప్పి, ఏ భాగం ఏ వేగంలో ఎందుకు వాయిస్తున్నాడో వివరించగలిగితే వాడు చదువుకుంటున్నట్టే.

ఇక మ్యూజిక్ ప్రొడక్షన్. దీని మీద నాకు చాలా సందేహాలున్నాయి. లాప్‌టాప్, సాఫ్ట్‌వేర్, కొన్ని నెలల కోర్సు, చివర సర్టిఫికెట్. నేర్పేది చాలావరకు సాఫ్ట్‌వేర్ వాడకం. అది రెండేళ్లలో మారిపోతుంది, ఇప్పుడు ఏఐ కూడా ఆ పనుల్లో కొన్ని చేసేస్తోంది. చెవి, లయ, స్వరజ్ఞానం ఉన్నవాడు ఆ సాఫ్ట్‌వేర్ తర్వాతైనా నేర్చుకుంటాడు. అవి లేనివాడికి లక్షలు పోసినా ఆ కోర్సు వాటిని ఇవ్వదు. డిమాండ్ ఉందని చెప్పే సంస్థను, కిందటేడాది విద్యార్థులు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో అడగండి. సూటిగా చెప్పకపోతే డబ్బు కట్టకండి.

సాక్సోఫోన్ డిగ్రీ కూడా సులువైన దారి కాదు. సింఫనీ ఆర్కెస్ట్రాల్లో ఈ వాద్యానికి సాధారణంగా శాశ్వత ఉద్యోగం ఉండదు, అవసరమైనప్పుడు పిలుస్తారు. బోధన, రికార్డింగులు, కచేరీలు కలిపి బతకాలి. అలా బతికేవాళ్లున్నారు. నాదస్వర కుటుంబంలో పుట్టి, సాక్సోఫోన్‌ని కర్ణాటక కచేరీకి తెచ్చి పద్మశ్రీ అందుకున్న కద్రి గోపాల్‌నాథ్ మన పక్క రాష్ట్రం వాడే. అందరికీ అంత పేరు రాదు. స్కాలర్‌షిప్ రాకుండా అప్పు చేసి మాత్రం విదేశాలకు పంపకండి. రాకపోతే సీఎస్‌ఈలో చేరి, సాధన ఆపకుండా మళ్లీ ప్రయత్నించవచ్చు, ఏ తలుపూ మూసుకుపోదు.

ఈ నెలలో చేయాల్సింది ఒకటుంది. ఆడిషన్ వీడియో ఒంటరిగా కాదు, ఆర్కెస్ట్రా బదులు పియానో తోడుతో తీయించండి. పియానో వాయించేవాళ్లతో ముందే రెండు మూడు రిహార్సల్స్‌కి మాట్లాడుకోండి. ఫ్యుగాటో అసలు వేగంలో కుదరకపోతే, మెట్రోనోమ్ వేగం పది అంకెలు తగ్గించి శుభ్రంగా వాయించమనండి.