ఆయిల్ లైట్ వెలిగి ఆరుతుంటే...

ప్రశ్న: నా చిన్న కారులో ఇంజన్ వేడెక్కాక, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఎర్రటి ఆయిల్ లైట్ మినుకుమంటోంది, యాక్సిలరేటర్ నొక్కితే ఆరిపోతోంది. ఆయిల్ పోస్తే సరిపోతుందా?

జవాబు: సాధారణంగా ఆ లైట్ తెలిపేది ఆయిల్ మట్టాన్ని కాదు, పీడనాన్ని, అందువల్ల అది వెలిగిన వెంటనే బండిని పక్కకు తీసి ఇంజన్ ఆపేయడం అన్నిటికన్నా ముఖ్యం. చదునైన చోట కొన్ని నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ (ఇంజన్‌లో ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తుడిచి, మళ్లీ ముంచి చూడండి. మట్టం కింది గీతకు దిగువన ఉంటే మాన్యువల్‌లో సూచించిన గ్రేడు ఆయిల్‌నే పై గీత దాటకుండా పోయండి. మట్టం సరిగానే ఉంటే పలచబడిన ఆయిల్, అరిగిన పంపు లేదా బేరింగులు, చెడిన ప్రెజర్ స్విచ్ (పీడనం తగ్గితే ఆ లైట్‌ను వెలిగించేది) వంటివి కారణం కావచ్చు. చవకైనదని ముందు స్విచ్ మార్చేసి నిశ్చింతగా ఉండడం నాకు సమ్మతం కాదు. స్విచ్ విప్పిన చోట గేజీ బిగించి, వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా) ఉన్నప్పటి పీడనాన్ని కొలవమని మెకానిక్‌ను అడగండి. అప్పటిదాకా బండి నడపవద్దు.