వంద పెరగాల్సింది 43తో ఆగిందేం?

ప్రశ్న: వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో మేజ్‌తో (మంత్రాలు వేసే పాత్ర) ఆడుతున్నాను. కొత్త గేర్ (పాత్ర వేసుకునే కవచం, ఉంగరాల్లాంటివి) వేసుకున్నాక స్పెల్ డ్యామేజ్, అంటే మంత్రాల దెబ్బకి కలిసే అదనపు బలం, సరిగ్గా 100 పెరిగింది. తీరా ఫైర్ బ్లాస్ట్ అనే స్పెల్ కొడితే మునుపటి కంటే నలభై పైచిలుకే ఎక్కువ పడుతోంది. మిగతాది ఏమైపోయింది సర్? బగ్ ఏమైనా ఉందా?

జవాబు: బగ్ లేదండీ, మీ గేర్ బాగానే పనిచేస్తోంది. గేర్ మీద కనిపించే అంకె ప్రతి స్పెల్‌కీ పూర్తిగా కలవదు, ఆ స్పెల్ వేయడానికి ఎంతసేపు పడుతుందో దాన్ని బట్టి వాటా వస్తుంది. నేరుగా కొట్టే స్పెల్ అయితే కాస్ట్ టైమ్‌ని 3.5తో భాగించండి, అదే ఆ వాటా. ఫైర్‌బాల్‌ది 3.5 సెకన్లు కాబట్టి 100కి 100 వస్తుంది. ఫైర్ బ్లాస్ట్ వెంటనే పడిపోయే స్పెల్, దాన్ని 1.5 సెకన్ల కింద లెక్కేస్తారు, అందుకే మీకు 43 దగ్గర ఆగింది. అన్యాయం అనిపిస్తుంది కానీ సెకనుకి ఎంత పడుతుందో చూడండి, రెండింటికీ దాదాపు 28.6 చొప్పునే వస్తుంది. ఈ లెక్కే లేకపోతే అందరూ చిటికెలో పడే స్పెల్స్ పట్టుకుని కూర్చునేవాళ్లు, ఫైర్‌బాల్ ముఖం ఎవరూ చూసేవారు కాదు.

ఫ్రాస్ట్‌బోల్ట్ అనే మంచు స్పెల్‌ది కొంచెం వేరు. 3 సెకన్లకి 86 దాకా రావాలి, కానీ శత్రువుని నెమ్మదింపజేస్తుంది కదా, అందుకు కాస్త కోత పడి 81కి దిగుతుంది. టాలెంట్‌తో (లెవెల్ పెరిగేకొద్దీ వచ్చే పాయింట్లతో ఎంచుకునే నైపుణ్యం) దాని కాస్ట్ టైమ్ 2.5కి తగ్గించుకున్నా వాటా మాత్రం పాత 3 సెకన్ల లెక్కనే వస్తుంది, నాకు చాలా నచ్చిన విషయం ఇది, ఆ పాయింట్లు ఏమాత్రం ఆలోచించకుండా పెట్టేయండి. మానా (స్పెల్స్‌కి ఖర్చయ్యే శక్తి) మిగులుతుందని 20వ లెవెల్ లోపు నేర్చుకున్న పాత ర్యాంకులు, అంటే అదే స్పెల్ బలహీనమైన రూపాలు, వాడితే మాత్రం వాటా బాగా పడిపోతుంది.

మీ ఫ్రెండ్స్‌లో వార్‌లాక్ (ఇంకో మంత్రగాడి పాత్ర) ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకీ చెప్పండి: వాళ్ల కరప్షన్ స్పెల్‌కి 100కి 100 వస్తుంది, కాకపోతే 18 సెకన్లలో ఆరు దెబ్బలుగా పంచుకుని పడుతుంది, ఒక్కో దెబ్బకి 16, 17 పెరిగితే గేర్ దండగ అనుకోకూడదు.

ప్రశ్న: రెండు రింగులు దొరికాయి. ఒకదానికి 1 శాతం హిట్ (స్పెల్ గురి తప్పకుండా తగిలే అవకాశం), రెండోదానికి 1 శాతం క్రిట్ (మామూలు కంటే గట్టి దెబ్బ పడే అవకాశం). రెయిడ్ బాస్ (గుంపుగా కలిసి కొట్టే పెద్ద శత్రువు) మీదకి ఏది వేసుకోవాలి?

జవాబు: హిట్ రింగే. బాస్ మీకంటే మూడు లెవెల్స్ పైన ఉంటాడు కాబట్టి హిట్ గేర్ లేకపోతే వందలో 17 స్పెల్స్ గురి తప్పుతాయి. 83 తగిలేది 84 తగిలితే మొత్తం డ్యామేజ్ 1.2 శాతం పెరుగుతుంది, అంటే సగటున 1000 కొట్టే ఫైర్‌బాల్‌కి 12 కలిపినట్టు. టాలెంట్లు లేకుండా స్పెల్ క్రిట్ ఒకటిన్నర రెట్లే కొడుతుంది, కాబట్టి 1 శాతం క్రిట్‌తో వచ్చేది 5కి మించదు. టాలెంట్లతో క్రిట్ బలం పెంచుకున్నవాళ్లకి ఈ తేడా చాలా తగ్గుతుంది. గేర్ నుంచీ టాలెంట్ల నుంచీ కలిపి హిట్ 16 శాతానికి చేరాక ఆపేయండి, మిగిలిన ఆ 1 శాతం ఏం చేసినా పోదు, అప్పుడు క్రిట్ రింగ్ తీసి పెట్టుకోండి.