కథ రాశాను, ఎక్కడికి పంపాలి?

ప్రశ్న: ఆరేడు కథలు రాసి పెట్టుకున్నాను. ఒకటి ఓ వారపత్రికకు పంపి నాలుగు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. ఫేస్‌బుక్‌లో పెట్టేయమని స్నేహితులు అంటున్నారు. డబ్బు కడితే సంకలనంలో వేస్తామని ఇంకొకరు ఫోన్ చేశారు. కథలు వేసే పత్రికలు ఇంకా ఉన్నాయా? ఎలా వెతుక్కోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉన్నాయండీ. కొన్ని మంచి పత్రికలు మూతపడ్డ మాట నిజమే, ఆ లోటు తీరేది కూడా కాదు. అయినా దినపత్రికల ఆదివారం అనుబంధాల్లో కథలు వస్తూనే ఉన్నాయి, ఆన్‌లైన్‌లో 1998లో మొదలైన 'ఈమాట' అనే వెబ్ పత్రిక ఉంది, అలాంటివే కౌముది, సారంగ, సంచిక ఉన్నాయి. వీటికి తోడు సంక్రాంతికీ ఉగాదికీ దీపావళికీ కథల పోటీలు పెడుతుంటారు.

అలాగని ఈ పేర్లన్నీ రాసుకుని వరసగా మెయిల్ కొట్టొద్దు. ముందు వాటిలో ఈమధ్య వచ్చిన కథలు నాలుగైనా చదవండి. ఆదివారం సంచికలో కథకు దొరికేది ఒకటి రెండు పేజీలే, బొమ్మకు పోగా మిగిలిన చోటులో సరిపోవాలి. మీ కథ పెద్దదైతే దాన్ని అక్కడి కోసం నరికేసి పాడు చేసుకోకండి, నిడివి పట్టింపు తక్కువగా ఉండే వెబ్ పత్రికకు పంపండి. ఇంకో దారి ఉంది, నాకు బాగా ఇష్టమైనది. మీకు నచ్చిన కథల సంపుటి తీసి, ఆ కథలు మొదట ఏ పత్రికలో ఎప్పుడు వచ్చాయో చూడండి, కథ చివరో పుస్తకం వెనకో వేస్తారు. 1990 నుంచి కథాసాహితి అనే సంస్థ తెచ్చిన కథా సంకలనాలు ఇందుకు బాగా పనికొస్తాయి. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథల గ్రంథాలయం 'కథానిలయం' వెబ్‌సైట్‌లోనూ ఏ కథ ఎక్కడ అచ్చయిందో వెతకొచ్చు. మీ కథలాంటి కథలు ఎవరు వేసుకుంటున్నారో అలా తెలుస్తుంది.

ఫేస్‌బుక్ సంగతి. దయచేసి పెట్టకండి, కనీసం పత్రికలో వచ్చేదాకా ఆగండి. చాలా పత్రికలు, దాదాపు అన్ని పోటీలూ హామీపత్రం అడుగుతాయి: ఈ కథ నా సొంతం, అనువాదం గానీ అనుకరణ గానీ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరే ఎక్కడా పరిశీలనలో లేదు అని. ఆ 'ఎక్కడా'లో సోషల్ మీడియా, ఎవరి కథలు వాళ్లే పెట్టుకునే ప్రతిలిపి లాంటి యాప్‌లు కూడా వస్తాయని కొందరు నిబంధనల్లోనే రాస్తారు. ఆ హామీపత్రంతో పాటు చిరునామా, ఫోన్ నంబరు ఇచ్చి, కథను యూనికోడ్‌లో (ఫోన్లలో, వెబ్‌సైట్లలో కనిపించే మామూలు తెలుగు అక్షరాల్లో) టైపు చేసిన వర్డ్ ఫైలుగా పంపండి. చేత్తో రాసిన కాగితాలకు ఫొటోలు తీసి పంపితే చదివే ఓపిక ఎవరికీ ఉండదు. పోటీలకైతే కథ ఉన్న పేజీల మీద పేరు ఉండొద్దంటారు, అది చూసుకోండి.

నాలుగు నెలలు మీరు ఆగింది చాలు. చాలా పత్రికలు వేసుకోని కథకు జవాబే ఇవ్వవు, అది కథ బాగాలేదని చెప్పడం కాదు. "ఫలానా కథను వెనక్కి తీసుకుంటున్నాను" అని ఒక్క వాక్యం మెయిల్ పెట్టి, ఆ తర్వాతే ఇంకోచోటికి పంపండి. ఒకే కథ రెండుచోట్లా అచ్చయితే ఇద్దరు సంపాదకులకూ మీ మీద నమ్మకం పోతుంది.

డబ్బు అడిగిన సంకలనానికి మాత్రం నేను వద్దనే అంటాను. అలాంటి చోట మీ కథను ఎంచుకోవడమంటూ ఉండదు, డబ్బు కట్టిన అందరివీ వేస్తారు, చివరికి కొనేదీ ఆ రాసినవాళ్లే. పోటీలకు పంపేటప్పుడు కూడా 'సర్వహక్కులు నిర్వాహకులవే' అన్న లైను ఉందేమో చూడండి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలి, అందులో గడువు రాయకపోతే అది 5 ఏళ్లకే పరిమితం. కాబట్టి కథ ఒకసారి వేసుకోవడానికి ఒప్పుకోండి, అంతకుమించి ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టకండి. రేపు మీ కథలన్నీ కలిపి పుస్తకం వేసుకోవాలంటే ఆ హక్కు మీ దగ్గరే ఉండాలి.