నా ఫొటో వాడుకుని డబ్బు ఎగ్గొట్టాడు, 10 లక్షలకు దావా వేయొచ్చా?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించాం): లాయర్ గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని, ఫొటోగ్రఫీ అంటే ప్రాణం. మా ఆవిడ గాజులు కుదువపెట్టి లెన్స్ కొన్నాను. 2022 డిసెంబరులో అండమాన్ వెళ్లినప్పుడు బారాటాంగ్ దారిలో జరావా అనే ఆదిమ తెగ తల్లీబిడ్డల్ని కారులోంచి ఫొటో తీశాను. అంత మంచి ఫొటో మళ్లీ పడలేదు. విజయవాడలో ఒక ట్రావెల్స్ ఓనర్ అడిగితే కొన్ని ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. 2023 వేసవిలో నా పేరు కూడా లేకుండా బ్రోచర్లో వేసుకున్నాడు. ఉప్పలపాడు పెలికాన్ల ఫొటో కూడా ఒకటి వాడాడు, అది చెరువు గట్టు మీద నిలబడి తీసిన మామూలుదే, ఒరిజినల్ ఫైలూ, వరుసగా తీసిన మిగతావీ ఉన్నాయి. ఎప్పుడు అడిగినా 'చూద్దాం సార్' అని వాట్సాప్‌లో మెసేజ్ పెడతాడు. 10 లక్షలు రాబట్టాలని ఉంది. ఫైల్లో లొకేషన్ మార్చేసి అరకులో తీశానని చెబితే ఏ గొడవా ఉండదని ఫ్రెండ్ అంటున్నాడు. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు లెన్స్, గాజులు, జరావా ఫొటో, మీ బాధ. పెలికాన్ల గురించి ఒకే ఒక్క వాక్యం. మీ కేసు ఉన్నది ఆ ఒక్క వాక్యంలోనే.

ముందు జరావా ఫొటో సంగతి. ఫొటో తీసినవాడే దానికి కాపీరైట్ హక్కుదారు, 1957 చట్టం చెప్పేది అదే, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. కాబట్టి హక్కు మీదే అనుకుందాం. కానీ కోర్టులో ఆ ఫొటో మీరే తీశారని రుజువు చేయాలి కదా? దేనితో చేస్తారు? కెమెరాలో పడిన ఒరిజినల్ రా ఫైలుతో, అందులో ఉండే తేదీ, సమయం, లొకేషన్‌తో. అవే వివరాలు మీరు ఫలానా రోజున జరావా రిజర్వులో ఉండి ఫొటో తీశారని కూడా రుజువు చేస్తాయి. అండమాన్ ఆదిమ తెగల రక్షణకు 1956లో ఒక రెగ్యులేషన్ తెచ్చారు, 2012లో దాన్ని సవరించి ఆ ప్రాంతంలో ఫొటోలు, వీడియోలు తీస్తే మూడేళ్ల దాకా జైలు అని పెట్టారు. అంటే మీ హక్కుకి సాక్ష్యం, మీ నేరానికి సాక్ష్యం ఒకే ఫైలు. మీ సొంత దావాలో మీరే మీ మీద ఎగ్జిబిట్ మార్క్ చేయించుకుంటారు, అంటే కోర్టు రికార్డులో సాక్ష్యంగా ఎక్కించుకుంటారు.

'కారు దిగలేదు, అద్దంలోంచి తీశాను' అని రెండుసార్లు రాశారు. దిగారా లేదా అని చట్టం అడగదు. ఆ దారిలోని జిర్కటాంగ్ చెక్‌పోస్టు నుంచి కాన్వాయ్‌లో పోలీసు ఎస్కార్ట్‌తో పంపేది, మధ్యలో ఆపొద్దని, ఫొటోలు తీయొద్దని చెప్పి మరీ పంపేది ఎందుకనుకున్నారు? బోర్డు చదివి కూడా కెమెరా ఎత్తారు. నన్ను సానుభూతి అడిగారు, ఈ విషయంలో నా దగ్గర లేదు. ఆ తల్లి మిమ్మల్ని ఫొటో తీయమని అడగలేదు.

ఇక మీ ఫ్రెండ్ సలహా. జరావాలు అరకులో! మీరు పంపిన ప్రింటు ఒకసారి మళ్లీ చూడండి. ఎడమ మూలలో కారు కిటికీ రబ్బరు అంచు పడింది, దాని పక్కనే ముందు పోతున్న కాన్వాయ్ బస్సు వెనక భాగం. లొకేషన్ చెరిపినంత మాత్రాన బస్సు చెరిగిపోతుందా? పైగా ఇప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యం పెట్టాలంటే 2023 భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ వాల్యూ, అంటే ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి నంబరు, రాయాలి. ఫైల్లో ఒక్క అక్షరం మారినా ఆ నంబరు మారిపోతుంది. మీ పాత హార్డ్‌డిస్కులో ఒకటి, కోర్టులో ఇచ్చింది ఇంకొకటి అని తేలితే కాపీరైట్ కేసు పక్కకు పోయి కోర్టులో దొంగ సాక్ష్యం సృష్టించిన కేసు మొదలవుతుంది, దానికి భారతీయ న్యాయ సంహితలో ఏడేళ్ల దాకా శిక్ష. మూడేళ్ల నేరాన్ని దాచబోయి ఏడేళ్లది తెచ్చుకుంటారన్నమాట. ఆ ఫైలు ముట్టుకోవద్దు. మార్చొద్దు, డిలీట్ చేయొద్దు. ఇన్‌స్టాలో ఉంటే మాత్రం ఈ రోజే తీసేయండి, ఇకముందు ఎక్కడా చూపించొద్దు.

ఇంకో దారి కూడా మీ మనసులో ఉన్నట్టుంది: 'ఆ ఫొటో వేసినందుకు అతని మీదా కేసు అవుతుందిగా, ఆ మాట చెప్పి డబ్బు అడగనా' అని. అడిగితే అది బెదిరించి వసూలు చేయడం అవుతుంది. ఆ ఆలోచన వదిలేయండి.

గడువు విషయంలో మీరు రెండు వైపులా ఇరుక్కున్నారు, అందుకే కొంచెం వివరంగా చెబుతున్నా. కాపీరైట్ ఉల్లంఘనకు నష్టపరిహారం దావా మూడేళ్లలో వేయాలి, ఉల్లంఘన జరిగిన రోజు నుంచి లెక్క. బ్రోచర్ 2023 వేసవిలో వచ్చింది కాబట్టి మీకు మిగిలింది కొద్ది వారాలే. 'చూద్దాం సార్' మెసేజ్‌లు గడువును ఆపవు, తన బాకీని రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం పెడితే వేరు సంగతి. అతను తిప్పుతున్నది కూడా అందుకేనేమో ఆలోచించుకోండి. మళ్లీ కొత్తగా ప్రింట్ వేసి ఉంటే ఆ ప్రింటుకి లెక్క వేరే మొదలవుతుంది, అందుకని ప్రతి ఏడాది బ్రోచరూ సంపాదించండి. నేరం విషయంలో లెక్క ఇలా ఉండదు. మూడేళ్ల శిక్ష ఉన్న నేరాలకు గడువు మూడేళ్లే అయినా, నేరం జరిగినట్టు ఎవరికీ తెలియకపోతే అది పోలీసులకో బాధితులకో తెలిసిన రోజు నుంచే మొదలవుతుంది. 2022లో తీసింది కదా, పాతబడిపోయింది అనుకోవడానికి లేదు. మీరు దావా వేసిన రోజే వాళ్లకు తెలిసిన రోజు కావొచ్చు.

సరే, ఇప్పుడు ఆ 'మామూలు' ఫొటో. ఉప్పలపాడు చెరువు గుంటూరుకి పక్కనే, అందరూ వెళ్లి చూసే చోటు, గట్టు మీద నిలబడి తీశానంటున్నారు. రా ఫైలు ఉంది, వరుసగా తీసిన మిగతా ఫ్రేములూ ఉన్నాయి. అవి చాలా ముఖ్యం, దొంగిలించినవాడి దగ్గర ఒక్క ఫ్రేమే ఉంటుంది, ముందు వెనకవి ఉండవు. అవతలివాడు 'పెన్‌డ్రైవ్ ఆయనే ఇచ్చాడు' అంటాడు. ఇచ్చింది నిజమే, కానీ వాడుకోవడానికి లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలని కాపీరైట్ చట్టం 30వ సెక్షన్ చెబుతోంది, అతని దగ్గర కాగితం లేదు. మీ దగ్గరా లేదు! ఫొటోలు ఇస్తూ 'చూడటానికి మాత్రమే' అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టడానికి ఏమైంది? చదువుకున్నవాళ్లు కూడా ఇలా చేస్తుంటే ఏం చెప్పాలి.

పది లక్షలు మర్చిపోండి. మీరు ఇదివరకు ఫొటోలు అమ్మిన రసీదులుంటే ఆ ధరను బట్టి కోర్టు లెక్క కడుతుంది, లేకపోతే సాటి ఫొటోగ్రాఫర్ల కొటేషన్లు తెచ్చుకోవాలి. క్లెయిమ్ 3 లక్షలకు లోపు పెట్టుకుంటే, చట్టం 62వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటు, అంటే గుంటూరు జిల్లా కోర్టులోనే వేయొచ్చు, విజయవాడ తిరగక్కర్లేదు. 3 లక్షలు, ఆపైన అయితే కమర్షియల్ దావా అవుతుంది, అత్యవసర ఉత్తర్వులు అడిగితే తప్ప ముందు లీగల్ సర్వీసెస్ అథారిటీలో మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలని 2022లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అక్కడ గడిచిన రోజులు గడువులోంచి మినహాయిస్తారు గానీ, దరఖాస్తు గడువు లోపల పడాలి. మీ టైమ్ చూస్తే నేనైతే మొదటిదే ఎంచుకుంటా.

ఈ వారంలోనే బ్రోచర్ ఒరిజినల్ రెండు కాపీలు సంపాదించండి. ఫ్లెక్సీ కూడా వేశాడని ఉత్తరం చివర్లో రాశారు, అది ఇంకా ఉంటే షాపు బోర్డుతో కలిపి ఫొటో తీయండి. వాట్సాప్ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయండి, ఫోను మార్చకండి. పెలికాన్ ఫొటో ఒక్కదానికే నోటీసు ఇప్పించండి. ఎవరితో రాయించినా ఆ అండమాన్ సంగతి మీ లాయరుకి ముందే చెప్పండి, నోటీసులో మాత్రం ఆ ఊసు ఉండకూడదు. జరావా ఫొటో మీద ఎప్పుడైనా పోలీసుల నుంచి కబురు వస్తే ఒక్కరే వెళ్లి వివరణ ఇచ్చేయకండి, క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ని వెంటబెట్టుకుని వెళ్లండి.